ప్రార్థనలో మనసు నిలవడం లేదంటున్నారు, మరి ఆ తోడికోడలి సంగతి?

అమ్మా, మీ ఉత్తరం రెండు పేజీలు. పొద్దున్నే అయిదింటికి లేచి తలుపు వేసుకుని మోకరిస్తారు, రెండు నిమిషాలు కాకముందే మనసు ఎటో వెళ్ళిపోతుంది, ఒక్కోసారి కునుకు పట్టేస్తుంది, దేవుడు నా ప్రార్థన వినడం లేదేమో అని టెన్షన్. ఉపవాసం ఉండాలా, సమయం పెంచాలా, ఫోన్‌లో ఏదైనా యాప్ పెట్టుకోవాలా అని అడిగారు.

దీనికి జవాబు చిన్నదే. ఫోన్ పక్క గదిలో పెట్టండి, కళ్ళు మూసుకుని లోపల్లోపల కాకుండా పైకి వినిపించేలా ప్రార్థించండి, ఒక కీర్తన చదివి దాని మాటలతోనే మొదలుపెట్టండి, గంట లాగకుండా పది నిమిషాలకి లేవండి. కునుకు గురించి అంత బాధ వద్దు, యేసు పట్టుబడిన రాత్రి గెత్సేమనే తోటలో ఆయన శిష్యులు కూడా నిద్రపోయినవాళ్ళే.

ఇలాంటి చిట్కాలు కొత్తవేం కావు. 1535లో జర్మనీ చర్చి సంస్కర్త మార్టిన్ లూథర్ తన మంగలి పీటర్ కోసం ప్రార్థన ఎలా చేయాలో రాసిపెట్టాడు. పనితెలిసిన మంగలి చూపూ ఆలోచనా కత్తి మీదే ఉంచుతాడు, కబుర్లలో పడితే ఎదుటివాడి ముక్కో గొంతో తెగుతుంది, ప్రార్థన కూడా అంతే అన్నాడు. ఎంత చక్కటి పోలిక! ఆ పీటరే అదే ఏడాది తాగిన మత్తులో సొంత అల్లుణ్ణి పొడిచి చంపాడు. మిమ్మల్ని అతనితో పోల్చడం లేదు, కంగారుపడకండి. చిట్కా వేరు, ఇంట్లో మనిషితో మనం ఉండే తీరు వేరు, అంతే నేను చెప్పేది.

ఎందుకంటే మీ రెండో పేజీ చివర, వెళ్తూ వెళ్తూ అన్నట్టు ఒక సంగతి రాశారు: "మా తోడికోడలు రెండేళ్ళుగా నాతో మాట్లాడదు. అత్తగారి వైద్యం డబ్బులు తను వాడుకుందని అందరి ముందూ అన్నాను, కాదని తర్వాత తెలిసింది. ఆమె మనసు మారాలని రోజూ ప్రార్థిస్తున్నాను."

ఆమె మనసు మారాలా? ఏం మారాలమ్మా? దొంగ అనిపించుకున్నది ఆమె, మనసు మార్చుకోవాల్సిందీ ఆమేనా?

మత్తయి సువార్త అయిదో అధ్యాయంలో యేసు చెప్పిన ఆ మాట మీరు ఎన్నిసార్లు విని ఉంటారో. బలిపీఠం దగ్గర నిలబడి ఉండగా నీకు ఎవరిమీద కోపం ఉందో గుర్తొస్తే అని లేదక్కడ, నీమీద నీ సహోదరునికి విరోధం ఉందని గుర్తొస్తే అని ఉంది. అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్ళి సమాధానపడమన్నారు. మీకు అయిదింటికి గుర్తొచ్చేది కూడా అదే అయ్యుండొచ్చు, మీరు దాన్ని ధ్యాస తప్పడం అనుకుని తరిమేస్తున్నారు.

బైబిల్లో సవతి పెనిన్నా దెప్పిన మాటలకి ఏడ్చి ఏడ్చి ప్రార్థించిన హన్నాలా ఉంది నా పరిస్థితి అని కూడా రాశారు. కాదమ్మా, ఈ కథలో మాట అన్నది మీరు. కటువుగా ఉన్నా చెప్పక తప్పదు.

అలాగని కాళ్ళ మీద పడమని నేను ఎవరికీ చెప్పను. ఆమె మీ గురించి అందరితో చెప్పినవాటికి మీరు క్షమాపణ అడగక్కర్లేదు, అత్తగారికి ఎవరు ఎంత చేశారన్న పాత లెక్కలు తీయక్కర్లేదు. మీరన్న ఆ ఒక్క మాట వెనక్కి తీసుకోండి. "ఆ రోజు నేనన్నది అబద్ధం, నాకు తర్వాత తెలిసింది, తెలిసి కూడా చెప్పలేదు" అనండి. "నువ్వు కూడా..." అని మొదలుపెట్టారా, ఫోన్ చేయకపోయినా ఒకటే. మీవారినో మరిదినో మధ్యవర్తిగా పంపకండి, మగవాళ్ళు ఇలాంటివి సగం చెప్పి ఊరుకుంటారు.

ఆమె ఫోన్ ఎత్తకపోవచ్చు, ఎత్తి నాలుగు తిట్టొచ్చు కూడా. తిట్టనివ్వండి, రెండేళ్ళు మోసింది కదా. తర్వాత ఆ రోజు అక్కడున్నవాళ్ళకి, మీ ఆడపడుచుతో మొదలుపెట్టి, ఒక్కొక్కరికీ చెప్పండి, ఎందుకంటే ఆ మాట మీరు ఆమె ఒక్కదానితో అనలేదు.