ఇక నుంచి పాఠం చెప్పబోయే అమ్మాయికి

అమ్మాయ్,

మెడికల్ విద్యార్థులకు పాలియేటివ్ కేర్, అంటే పెద్ద జబ్బుతో ఉన్నవాళ్ళ నొప్పినీ బాధనూ తగ్గించే వైద్యం, నేర్పే పని నీకు అప్పగించారని మీ నాన్న చెప్పాడు. పొంగిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

మందుల సంగతి నీకు తెలిసిందే. మామూలు మార్ఫిన్ మాత్రలు నొప్పి వచ్చేదాకా ఆగకుండా నాలుగు గంటలకోసారి ఇవ్వాలని, అదే చీటీలో విరేచనం మందు కూడా ఉండాలని మొదటి రోజే చెప్పెయ్. నవ్వకు. మలబద్ధకం భరించలేక మార్ఫిన్ మానేసి, మళ్ళీ నొప్పితో మెలికలు తిరిగినవాళ్ళను చూశాను.

కొన్ని పాఠాలు నర్సుల చేత చెప్పించు. 1967లో లండన్‌లో, చివరి రోజుల్లో ఉన్నవాళ్ళను చూసుకునే సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచిన సిసిలీ సాండర్స్ ముందు నర్సు, తర్వాత సోషల్ వర్కర్, ఆ తర్వాతే డాక్టర్. ఒంటి నొప్పితో పాటు మనసు బాధ, ఇంటి దిగులు, దేవుడితో పేచీ అన్నీ కలిసిందే నొప్పి అని ఆవిడకు ఊరికే తట్టలేదు.

ఇక నా తప్పు. ఒక్కో విద్యార్థికి ఒక్కో రోగిని అప్పగించేవాణ్ణి. కేస్ షీట్ లేకుండా రోజూ అరగంట పక్కన కూర్చోవాలి, అంతే. ఒక కుర్రాడికి ఒక ముసలాయనతో బాగా కుదిరింది. ఆయన కళ్ళజోడు మర ఊడితే బాగుచేయించి తెస్తానని పట్టుకెళ్ళాడు. ఆ రాత్రే ఆయన పోయాడు. ఇంటివాళ్ళతో మాట్లాడాను, కాగితాలు పూర్తిచేశాను. ఈ కుర్రాడు ఒకడున్నాడని నాకు తట్టనే లేదు. పొద్దున్నే కళ్ళజోడుతో వచ్చినవాడికి ఉతికిన దుప్పటి పరిచిన ఖాళీ మంచం కనిపించింది. "పది నిమిషాలు అలాగే నిలబడ్డాడు సార్. కళ్ళజోడు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు" అంది సిస్టర్.

మర్నాడు క్లాసులో కనిపిస్తే నేనన్న మాట: "ఇవన్నీ అలవాటైపోతాయిలే." తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. చావుకు కుటుంబాన్ని ఎలా సిద్ధం చెయ్యాలో గంటసేపు పాఠం చెప్పినవాణ్ణి, నా విద్యార్థిని ఒక్క ముక్కతో సిద్ధం చెయ్యలేదు. చివరి గంటల్లో గొంతులో గురగుర వినిపిస్తుందనీ, అది రోగికంటే చూసేవాళ్ళనే ఎక్కువ భయపెడుతుందనీ, పక్కకు తిప్పి పడుకోబెడితే కొంత తగ్గొచ్చనీ కూడా ముందుగా చెప్పలేదు. పోస్టింగ్ ముగిసేదాకా వాడు మళ్ళీ ఏ మంచం దగ్గరా కూర్చోలేదు. నిలబడే మాట్లాడాడు.

అందుకని చెబుతున్నా, విను. రోగి పోతే ఆ విద్యార్థికి నువ్వే ఫోన్ చెయ్యి. మెసేజ్ పెట్టి ఊరుకున్నావో, నాతో మాట్లాడకు. చూడ్డానికి వస్తానంటే రానివ్వు. ఏడిస్తే ఏడవనివ్వు. మర్నాడు పక్కన కూర్చోబెట్టుకుని ఆయన గురించి చెప్పమను. చెయ్యాల్సిన చికిత్స గురించి కాదు, ఆయన గురించి.

నువ్వూ గట్టిదానివేం కాదు. తాతయ్య పోయినప్పుడు అందరి పనులూ చక్కబెట్టి, నెల తర్వాత ఆయన చెప్పులు కనిపిస్తే కూలబడ్డావు. అందుకే, వాళ్ళకు ఫోన్ చేశాక నాకూ చెయ్యి. అర్ధరాత్రయినా సరే. ఎలాగూ మెలకువగానే ఉంటాను.

పెదనాన్న