గుంటూరు లూథరన్ సంఘం పుట్టుక

ప్రశ్న: గుంటూరు లూథరన్ (ప్రొటెస్టెంట్ క్రైస్తవంలో ఒక శాఖ) సంఘానికి ఎవరు పునాది వేశారు? రాజమండ్రి సంఘంతో దానికున్న సంబంధం ఏమిటి?

జవాబు: జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1842 జూలై 31న గుంటూరు చేరి, నాటి కలెక్టరు హెన్రీ స్టోక్స్ అండతో సువార్త బోధననూ బడులనూ ప్రారంభించడంతో ఈ సంఘ చరిత్ర మొదలవుతుంది. రాజమండ్రిలో ఉత్తర జర్మన్ మిషన్ చేపట్టిన పని 1850 ప్రాంతంలో హయ్యర్ పనిచేసిన అమెరికన్ లూథరన్ మిషన్ చేతికే వచ్చింది. 1869లో ఆ రాజమండ్రి క్షేత్రాన్ని (మిషన్ పనిచేసే ప్రాంతాన్ని) ఆంగ్లికన్ మిషన్‌కు అప్పగించబోతున్నారని తెలిసి, 75 ఏళ్లు దాటిన హయ్యర్, అలా జరగనివ్వకూడదని పట్టుబట్టి, మళ్లీ సముద్రం దాటి వచ్చి దానిని నిలబెట్టారు. ఈ చరిత్రలో ఇంతకు మించిన ఘట్టం లేదని మా అభిప్రాయం. ఈ రెండు క్షేత్రాల సంఘాలూ 1927లో ఏర్పడిన ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘంలో భాగమయ్యాయి.