తక్కువ అనుకోవడం కూడా గర్వమే

చిన్నీ,

నువ్వు పని నేర్పిన అమ్మాయే నీకు టీమ్ లీడ్ అయిందని, నువ్వు రెండు రోజులుగా సరిగా అన్నం తినడం లేదని మీ అమ్మ చెప్పింది. "నేను దేనికీ పనికిరాను" అన్నావట. ఆ మాట గురించే రాస్తున్నాను.

బౌద్ధంలో మానం అని ఒక దోషం చెబుతారు. అంటే గర్వం. అది మూడు రకాలు: నేను ఎక్కువ అనుకోవడం, సమానం అనుకోవడం, తక్కువ అనుకోవడం. మూడోది మొదటిసారి చదివిన రోజు పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చున్నాను. నా తర్వాత చేరిన మాస్టారు నాకంటే ముందు హెడ్మాస్టరు అయినప్పుడు ఏడాదిపాటు స్టాఫ్ రూములో టీ తాగడం మానేశాను. నన్ను నేను తిట్టుకుంటూ, అదే వినయం అనుకున్నాను. ఆ ఏడాదంతా నా తలలో పిల్లలూ లేరు, పాఠాలూ లేవు. నేనే ఉన్నాను.

అందుకే "నువ్వేం తక్కువ?" అని నిన్ను ఓదార్చను. అదీ ఆ కొలతే కదా.

బుద్ధుడు పుట్టిన శాక్య వంశంలోని రాజకుమారులు ఆరుగురు సన్యాసానికి బయల్దేరారు. అనురుద్ధుడు, ఆనందుడు, దేవదత్తుడు వాళ్లలో ఉన్నారు. వాళ్ల మంగలి ఉపాలి కూడా వెంట వచ్చాడు. వాళ్లే బుద్ధుణ్ణి అడిగారు: మేం శాక్యులం, గర్వం ఎక్కువ, ముందు ఇతనికి దీక్ష ఇవ్వండి, అప్పుడు ఇతనికి మేమే నమస్కరిస్తాం అని. భిక్షువుల సంఘంలో ఎవరు ముందు దీక్ష తీసుకుంటే వాళ్లే పెద్ద. గర్వం తగ్గాలని కోరుకుని ఊరుకోలేదు వాళ్లు, నడుము వంచే ఏర్పాటు చేసుకున్నారు. నాకు ఇక్కడే ఎప్పుడూ కళ్లు చెమరుస్తాయి. బుద్ధుడు పోయాక రాజగృహంలో జరిగిన భిక్షువుల సభలో వినయ నియమాలన్నీ, అంటే భిక్షువుల నడవడి నియమాలన్నీ, చెప్పింది ఆ ఉపాలే. దేవదత్తుడు మాత్రం ఆ రోజు వంగినా, తర్వాత సంఘాన్ని తనకు అప్పగించమని బుద్ధుణ్ణే అడిగాడు. ఒక్కసారి వంగితే చాలదమ్మా.

సోమవారం వెళ్లగానే ఆ అమ్మాయిని పలకరించు. తను బాగా చేసిన పని ఒకటి గుర్తు చేసి మెచ్చుకో. ఉత్తుత్తిగా వద్దు, నిజంగా నచ్చినదే చెప్పు. ఇతరుల మేలు చూసి సంతోషించడాన్ని ముదిత అంటారు, అది అలవాటుతోనే వస్తుంది. పోలిక మనసులోకి వచ్చినప్పుడల్లా "ఇది మానం" అనుకో, దానితో వాదించకు. మళ్లీ వస్తుంది. అర్హంతుడు, అంటే పూర్తిగా విముక్తి పొందినవాడు, అయ్యేదాకా ఇది పూర్తిగా పోదని బౌద్ధులే చెప్పారు, అందుకని టెన్షన్ పడకు.

నీకు ప్రమోషన్ ఎందుకు రాలేదో మీ మేనేజర్ని అడగడం మాత్రం వేరే విషయం. అది తప్పకుండా అడుగు.

ముందు అన్నం తిను. ఆదివారం ఫోన్ చేస్తాను.

మీ మామయ్య