చంద్రుడి మీద అంత ఎండలో మంచు ఎలా నిలుస్తుంది?

చంద్రుడి మధ్యరేఖ దగ్గర మధ్యాహ్నం 120 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతుంది, నిజమే. మంచు ఉన్నది అక్కడ కాదు, ధ్రువాల దగ్గరి లోతైన గుంతల్లో. చంద్రుడి అక్షం వంపు సుమారు 1.5 డిగ్రీలే. కాబట్టి ధ్రువాల దగ్గర సూర్యుడు ఎప్పుడూ నేలబారుగానే తిరుగుతాడు. గుంత అంచు అడ్డొచ్చి, అడుగున కోట్ల ఏళ్లుగా ఎండ పొడే పడలేదు! వేడిని మోసుకొచ్చే గాలి కూడా లేదు. కొన్నిచోట్ల మైనస్ 240 డిగ్రీల కన్నా చల్లగా ఉంటుంది. అంత చలిలో నీటి అణువు నేలకు అంటుకుందంటే ఇక ఆవిరై పోవడం దాదాపు ఉండదు.

ఇది వట్టి ఊహ కాదు. 2009 అక్టోబర్ 9న నాసా ఒక ఖాళీ రాకెట్ భాగాన్ని చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గరున్న కేబియస్ అనే అలాంటి గుంతలోకి ఢీకొట్టించింది. పైకి లేచిన దుమ్ములో నీటి ఆవిరి, మంచు రేణువులు దొరికాయి. ఆ మట్టి బరువులో సుమారు 5 శాతం నీరేనని అంచనా.