మొహమే సరిగా కనపడని బొమ్మలో మూడ్ ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంప్రెషనిస్టులు (వివరాల కన్నా ఆ క్షణపు వెలుతురుని పట్టుకోవాలని చూసిన ఫ్రాన్స్ చిత్రకారులు) వేసిన ఆడవాళ్ల బొమ్మల్లో కళ్లూ ముక్కూ కూడా తేలవు కదా, మరి చూడగానే మనసుకు ఏదో ఎలా తగులుతుంది అని అడిగారు. నేను ఆర్ట్ చదువుకున్నవాణ్ని కాదు, ఆదివారాలు రంగులు వేసుకునే రకం. నాకూ ఇదే డౌటు ఉండేది, వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో (టికెట్ లేదు, ఎవరైనా వెళ్లొచ్చు) వాళ్లలో ఒకడైన మోనే 1875లో వేసిన, గొడుగు పట్టుకున్న ఆవిడ బొమ్మ ముందు నిలబడేదాకా.

ఆవిడ మోనే భార్య కమీ, కాస్త వెనకగా చిన్న కొడుకు. ఎండ ఆవిడ వెనక నుంచి పడుతోంది, మనం గట్టు కింద నుంచి చూస్తున్నాం, అంటే మనకు కనపడేదంతా నీడ వైపే. దూరం నుంచి తెల్ల గౌను అనిపిస్తుంది గానీ దగ్గరికెళితే తెలుపు అంచుల్లోనే ఉంది, మిగతాదంతా నీలం, బూడిద రంగు. మోచేతి దగ్గర పసుపు ఛాయ కనిపిస్తుంది చూడండి, అది బట్టది కాదు, కింద గడ్డిపూల మీద పడ్డ ఎండ పైకి కొట్టింది. గొడుగు లోపలంతా ఆకుపచ్చ. మొహం మీద పల్చటి మేలిముసుగు గాలికి లేచి ఉంది, ఆవిడ నవ్వుతోందో చిరాకు పడుతోందో చెప్పలేం, కానీ గాలి వీస్తోందని, ఆవిడ ఇప్పుడే ఆగి వెనక్కి తిరిగిందని, ఇంకో క్షణంలో వెళ్లిపోతుందని మాత్రం తెలిసిపోతుంది. మూడ్ అంటే నాకు అదే, అది మొహంలో లేదు, నీడలో ఉంది.

అంతకుముందు నేను డాబా మీద కూర్చున్న మా అమ్మ బొమ్మ వేస్తూ నీడలకి నలుపు కలిపేవాణ్ని. ఎన్నిసార్లు వేసినా మసి పూసినట్టే వచ్చేది, ఎండ పూటా అమ్మ పొయ్యి ముందు కూర్చున్నట్టే ఉండేది. తిరిగొచ్చాక నల్ల ట్యూబు పక్కన పడేసి, చెంప నీడకి నీలం, కొంచెం ఊదా, గడ్డం కింద చీర నుంచి వచ్చే నారింజ ఛాయ పెట్టాను. పోలిక అంత బాగా కుదరలేదు, నిజం చెప్పాలంటే ముక్కు తప్పింది. కానీ మధ్యాహ్నం మూడు గంటల ఎండ మాత్రం దిగింది.

అయితే ఒక మాట, నీడలకి ఇలా రంగులు వేయడం అందరికీ నచ్చదు. చెట్ల కింద కూర్చున్న అమ్మాయి ఒంటి మీద రెన్వార్ అనే ఇంకో ఇంప్రెషనిస్టు ఆకుల నీడలు ఆకుపచ్చగా, ఊదాగా వేస్తే, 1876లో ఆల్బేర్ వోల్ఫ్ అనే విమర్శకుడు అది కుళ్లుతున్న మాంసంలా ఉందని పేపర్లో రాశాడు. మా అమ్మ అంత దూరం వెళ్లలేదులెండి, "నాకేమైనా దెబ్బ తగిలిందేంట్రా, చెంప కమిలినట్టు వేశావు" అంది.