బెర్లిన్ గోడ రెండు జర్మనీల సరిహద్దు మీద ఉండేదా? ఆనవాళ్లు ఇప్పుడు ఎక్కడ చూడొచ్చు?

సరిహద్దు మీద కాదండి. ఆ సరిహద్దు బెర్లిన్‌కి పడమరన చాలా దూరంలో ఉండేది. బెర్లిన్ మొత్తం తూర్పు జర్మనీ లోపల ఉంది. రెండో ప్రపంచ యుద్ధం గెలిచిన నాలుగు దేశాలూ ఊరిని పంచుకున్నాయి. అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ వాటాలు కలిసి పశ్చిమ బెర్లిన్, సోవియట్ వాటా తూర్పు బెర్లిన్. గోడ ఈ పశ్చిమ బెర్లిన్ చుట్టూ కట్టారు. సుమారు 155 కిలోమీటర్ల పొడవులో ఊరి మధ్యగా పోయింది 43 కిలోమీటర్లే.

గోడ లోపలున్నవాళ్లు ఏ దేశమైనా వెళ్లొచ్చు, బందీలైంది బయటున్న తూర్పువాళ్లు! 1952లోనే దేశ సరిహద్దు మూసేసినా, బెర్లిన్‌లో మాత్రం లోకల్ రైలెక్కి పడమటివైపు దిగిపోవచ్చు. 1961 నాటికి తూర్పు జర్మనీ వదిలి వెళ్లినవాళ్లు 25 లక్షలకు పైనే. ఎక్కువమంది వయసులో ఉన్నవాళ్లు, చదువుకున్నవాళ్లు. ఆ దారి మూయడానికే 1961 ఆగస్టు 13న ముళ్లకంచె వేసి, తర్వాత గోడ లేపారు.

నేను బెర్లిన్‌లోనే ఉద్యోగం చేస్తున్నాను. ఆఫీసుకు వెళ్లేది యూ8 మెట్రోలో. ఈ లైను రెండు చివరలూ పడమటివైపు, మధ్యలో ఆరు స్టేషన్లు తూర్పు బెర్లిన్ కింద. ఆ ఆరింటినీ 28 ఏళ్లు మూసేశారు. పశ్చిమ బెర్లిన్ రైళ్లు వాటిలో ఆగకుండా మెల్లగా వెళ్లిపోయేవి. మా పక్కింటి పెద్దావిడ ఈ లైన్లోనే బడికి వెళ్లేవారట. మసక వెలుతురులో ప్లాట్‌ఫాం మీద తుపాకులతో నిలబడ్డ కాపలావాళ్లు ఆమెకు ఇంకా గుర్తే. పైన తూర్పు వీధుల్లో మెట్ల దారులు మూసేసి, పటాల్లోంచి కూడా ఆ స్టేషన్లను తీసేశారు. వాటిలో ఒకటి అలెగ్జాండర్‌ప్లాట్జ్‌లోని యూ8 స్టేషన్. ఇవాళ అక్కడ కాలు పెట్టే చోటుండదు.

ట్రామ్‌లు గమనించినా విభజన తెలుస్తుంది. పశ్చిమ బెర్లిన్ 1967లో ట్రామ్‌లు ఎత్తేసింది, తూర్పు ఉంచుకుంది. ఇప్పటికీ ట్రామ్ పట్టాలు ఎక్కువగా తూర్పు పేటల్లోనే.

చూడటానికొస్తే చెక్‌పాయింట్ చార్లీకి (తూర్పు, పశ్చిమ బెర్లిన్‌ల మధ్య ఒకప్పటి తనిఖీ గేటు) ఎక్కువ టైం ఇవ్వకండి. అక్కడి గుడిసె తర్వాత పెట్టిన నకలు. బెర్నవర్ వీధికి వెళ్లండి. అక్కడ కొన్ని ఇళ్లు తూర్పువి, వాటి ముందున్న కాలిబాట పడమటిది. 1961లో జనం కిటికీల్లోంచి దూకారు, కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అక్కడున్న టవరెక్కితే తూర్పువైపొకటి, పడమటివైపొకటి రెండు వరుసల గోడలూ, మధ్య ఖాళీ జాగా కనిపిస్తాయి. పక్కనే నార్డ్‌బాన్‌హోఫ్ స్టేషన్‌లో ఆ మూతపడ్డ స్టేషన్ల గురించి ప్రదర్శన ఉంది, అదీ చూడండి.