రెండు రూపాల మధ్య ఏం జరిగిందో రాయి

ప్రియమైన తమ్ముడికి,

రోబో నుంచి ట్రక్కుగా మారే ట్రాన్స్‌ఫార్మర్స్ బొమ్మ మీద నువ్వు రాసి పంపిన రివ్యూ చదివాను. అట్టపెట్టె గురించి ఒక పేరా, రోబో గురించి నాలుగు పేరాలు, ట్రక్కు గురించి మూడు. ఫొటోలు శుభ్రంగా ఉన్నాయి, వెలుతురు బాగా కుదిరింది, భాషలో వంక పెట్టడానికేం లేదు. కానీ ఆ రోబో ట్రక్కుగా ఎలా మారుతుందన్న దాని మీద మాత్రం ఇంచుమించు ఒకే ఒక్క వాక్యం రాశావు: "ట్రాన్స్‌ఫర్మేషన్ ఈజీగా, సరదాగా ఉంది." అసలు సంగతంతా ఉన్నది అక్కడే, నువ్వు గబగబా దాటేసిందీ అక్కడే.

రోబో ఎలా ఉందో, బండి ఎలా ఉందో కంపెనీవాళ్ల ఫొటోల్లోనే కనిపిస్తుంది. కొనాలా వద్దా అని ఊగిసలాడే మనిషి నీ రివ్యూ చదివేది ఆ ఫొటోలు చెప్పనిదాని కోసం. చేతిలో పట్టుకుని తిప్పితే ఎలా ఉంటుంది? ఎక్కడ బిగుసుకుంటుంది? ఎక్కడ విరుగుతుందేమోనని భయమేస్తుంది? ఒకసారి మార్చాక మళ్లీ మార్చాలనిపిస్తుందా, లేక ఒకే రూపంలో అలమరలో నిలబెట్టేసి మర్చిపోతామా? వీటికి జవాబులు నీ వేళ్లకి తెలుసు. నీ రివ్యూకి మాత్రం ఇంకా తెలియవు.

నీ ట్రక్కు సంగతే చూడు. ఎడమవైపు నుంచి తీసిన ఫొటోలో క్యాబిన్ చక్కగా మూసుకుంది. కుడివైపు నుంచి తీసినదాంట్లో మాత్రం కిటికీ కింద సన్నటి సందు కనిపిస్తోంది. ఈ బొమ్మలో ముంజేతులు మడుచుకుని క్యాబిన్ వెనక్కి పోతున్నాయి కదా. పిడికిలి పూర్తిగా లోపలికి తిరగకపోతే ముంజేయి వెంట్రుకవాసి పైకి లేస్తుంది. అది పక్కనున్న ప్యానెల్‌ని నెడుతుంది, ఆ ప్యానెల్ ట్యాబ్, అంటే దాని అంచున పొడుచుకొచ్చిన చిన్న ముక్క, గాడిలో కూర్చోదు. నా అనుమానం నిజమో కాదో బొమ్మ నీ చేతిలో ఉంది కాబట్టి నువ్వే చూడాలి. నిజమే అయితే రాయాల్సిన పేరా అది: పిడికిలిని క్లిక్‌మనేదాకా లోపలికి తోయండి, లేకపోతే ఎంత నొక్కినా క్యాబిన్ మూసుకోదు, బలవంతం చేస్తే ట్యాబ్ అరుగుతుంది. ఇదే బొమ్మ ఒళ్లో పెట్టుకుని తిట్టుకుంటూ కూర్చున్నవాడు ఆ పేరా చదివి నీకు దండం పెడతాడు.

అలాగని ప్రతి మెట్టూ వరసబెట్టి రాయకు. ఆ పని చేసే కాగితం పెట్టెలోనే ఉంటుంది. డిజైనర్ తెలివి చూసి నీకు ముచ్చటేసిన చోటు చెప్పు, చెమట పట్టిన చోటు చెప్పు, మిగతావి ఒక్క వాక్యంలో దాటెయ్. కాగితంలోని చిత్రం తప్పుదారి పట్టించే చోటు ఉంటే అది మాత్రం తప్పకుండా చెప్పాలి. చాలాసార్లు బాణం ఒక వైపు చూపిస్తుంది, భాగం ఇంకో వైపు తిరుగుతుంది.

మొదటిసారి కాగితం చూస్తూ మార్చు. తర్వాత కాగితం పక్కన పెట్టి మార్చు. ఆ తర్వాత బండి నుంచి రోబోకి వెనక్కి రా. చాలామంది రివ్యూ రాసేవాళ్లు ఈ వెనక్కి రావడాన్ని పట్టించుకోరు, కానీ గోరుకి పని పడేది అప్పుడే. బండిగా మూసుకున్నప్పుడు గట్టిగా కూర్చున్న ప్యానెల్‌ని ఎక్కడ పట్టుకుని తెరవాలో తెలియక కంగారుపడతాం. దానికో చిన్న గాడి ఇచ్చారా లేదా అన్నది బొమ్మని మంచిదో చెడ్డదో చేసేస్తుంది. అన్నీ అయ్యాక కొన్ని రోజులు ఊరుకుని మళ్లీ తియ్యి. కొత్తలో స్టిఫ్‌గా ఉన్న తుంటి అప్పటికి లూజ్ అయిందేమో చూడు. పెట్టె విప్పిన రాత్రే రివ్యూ రాసేవాడికి ఇది తెలిసే దారే లేదు.

ఇక జాయింట్ల గురించి. "జాయింట్లు బాగున్నాయి" అంటే ఏమీ చెప్పనట్టే. రాచెట్ జాయింట్ పాత గడియారానికి కీ ఇచ్చినట్టు కటకటమని మెట్లు మెట్లుగా తిరుగుతుంది. బరువైన బొమ్మకి తుంటి దగ్గర అదే ఉండాలి, లేకపోతే కాళ్లు జారిపోతాయి. కానీ ఆ మెట్లు పెద్దవైతే ఇంకో తలనొప్పి: ఒక క్లిక్ దగ్గర బొమ్మ ముందుకి వాలుతుంది, పక్క క్లిక్ దగ్గర వెనక్కి వాలుతుంది, నిటారుగా నిలబడే కోణం ఆ రెంటి మధ్య ఉండిపోతుంది. బాల్ జాయింట్, అంటే గుంటలో గుండు కూర్చునేది, అన్ని వైపులా తిరుగుతుంది, పోజులకి హాయిగా ఉంటుంది, ట్రాన్స్‌ఫార్మర్స్‌లో 1996లో జంతువులుగా మారే బీస్ట్ వార్స్ బొమ్మలతో బాగా వాడకంలోకి వచ్చింది. అయితే వాడేకొద్దీ అరిగి వదులవుతుంది. ఒట్టి రాపిడి మీద నిలిచే జాయింట్లు మొదట్లో బాగానే ఉంటాయి, పదిసార్లు తిప్పాక ఎలా ఉన్నాయన్నదే ప్రశ్న. నీ బొమ్మలో ఏది ఎక్కడుందో చెప్పు. చీలమండ పక్కకి వంగుతుందా లేదా కూడా చెప్పు. కాళ్లు ఎడంగా పెట్టినప్పుడు పాదం నేలకి ఆనుతుందో, అంచు మీద నిలబడుతుందో తేలేది దాన్నిబట్టే.

ఒక్కసారి ఆ నీలం రంగు తలుపుని దీపానికి అడ్డంగా పెట్టి చూడు. కిటికీ, తలుపు ఒకే ముక్కగా పోస్తే మొత్తం పారదర్శక ప్లాస్టిక్‌తోనే పోసి, కిటికీ వదిలేసి మిగతాదానికి నీలం పెయింట్ వేస్తారు. అందుకే ఆ నీలం, పక్కనే రంగు కలిపి పోసిన నీలం ప్లాస్టిక్‌తో సరిగ్గా కలవదు. ఫొటోలో అంతగా తెలియదు, ఎండ వెలుతురులో ఇట్టే తెలుస్తుంది. పారదర్శక ప్లాస్టిక్ సాగదు, పగులుతుంది. దాని మీదే కీలు పెట్టి ఉంటే, ఆ కీలు మరీ బిగుతుగా ఉంటే, చదివేవాడికి ముందే చెప్పాలి. రంగు ప్లాస్టిక్ అయితే ఒత్తిడి పడ్డ చోట తెల్లటి గీత వస్తుంది. పిన్ను చుట్టూ అలాంటిది కనిపిస్తే దగ్గర నుంచి ఫొటో తీసి పెట్టు. బిగుతు తగ్గించడానికి ఇంట్లో దొరికిన నూనె వెయ్యమని మాత్రం ఎవరికీ సలహా ఇవ్వకు. పెట్రోలియం నూనెలు కొన్ని ప్లాస్టిక్‌లని పగలగొడతాయి. సిలికాన్ లూబ్రికెంట్ అయితే ఫర్వాలేదు.

కలెక్టర్లకి రాస్తున్నావు కాబట్టి వాళ్ల భయాలు కూడా నీకు తెలిసుండాలి. 1980ల చివర్లో, 1990ల్లో బంగారు మెరుపు కలిపిన ప్లాస్టిక్‌తో కొన్ని బొమ్మలు వచ్చాయి. పెట్టెలోంచి తీయకుండా దాచినా సరే, ఏళ్లు గడిచేకొద్దీ ఆ ప్లాస్టిక్ పెళుసెక్కి ముట్టుకుంటే చాలు పొడిపొడిగా రాలిపోతుంది. కలెక్టర్లు దాన్ని గోల్డ్ ప్లాస్టిక్ సిండ్రోమ్ అంటారు. మందు లేదు. పాత బొమ్మ మీద రాసేటప్పుడు ఇలాంటి భాగం ఉంటే దాన్ని మార్చి చూపించాలన్న సరదా చంపుకుని, ఉన్న రూపంలోనే వదిలెయ్యి. తెల్ల ప్లాస్టిక్ పసుపెక్కడం ఇంకో బెంగ. వెలుతురు తగిలితే తొందరగా వస్తుంది, చీకట్లో దాచినంత మాత్రాన పూర్తిగా ఆగదు.

పాత బొమ్మని ఈనాటి కొలతలతో కొలవకు. 1984లో అమెరికా కంపెనీ హాస్‌బ్రో ట్రాన్స్‌ఫార్మర్స్ పేరుతో అమ్మినవాటిలో చాలావరకు జపాన్‌లో టకారా కంపెనీ అంతకుముందే చేసిన డయాక్లోన్, మైక్రో ఛేంజ్ బొమ్మలు. డయాక్లోన్ రోబోలంటే లోపల బుల్లి డ్రైవర్లు కూర్చుని నడిపే యంత్రాలు, అందుకే కార్లకి సీట్లు ఉండేవి, తలుపులు తెరుచుకునేవి. మైక్రో ఛేంజ్ వాటి కథ వేరు, అవి మనిషి చేతిలో పట్టే వస్తువులు: క్యాసెట్ ప్లేయర్ సౌండ్‌వేవ్ అనే రోబో అయింది, వాల్తర్ పీ38 పిస్టల్ విలన్ల నాయకుడు మెగట్రాన్ అయింది. కాబట్టి ఒకదాని పక్కన ఒకటి పెడితే సైజులు కలవలేదని ఆ బొమ్మని తప్పుపట్టడం అన్యాయం, అవి ఒకే లోకానికి చేసినవి కావు. చాలావాటికి మోకాళ్లు కూడా వంగవు. ఆ రోజుల్లో పిల్లాడికి కావాల్సింది మారడం, పోజులు కాదు. నిజం తుపాకీలా కనిపించే బొమ్మల మీద తర్వాత అమెరికాలో నిబంధనలు బిగిశాయి కనుక మెగట్రాన్ ఈ మధ్య ఎక్కువగా ట్యాంకుగానే దర్శనమిస్తున్నాడు. ఇదంతా ప్రతి రివ్యూలోనూ రాయమని కాదు. తెలిసుంటే నీ తీర్పు ఒకవైపుకి వాలిపోకుండా ఉంటుంది.

సైజు విషయంలో సెంటీమీటర్లు చెప్పి ఊరుకోకు. కలెక్టర్ అడిగేది ఇది తన అలమరలో దేని పక్కన ఇముడుతుందని. పెద్ద కలెక్టర్ల కోసం చేసే మాస్టర్‌పీస్ లైన్ సంగతే చూడు. 2003లో వచ్చిన మొదటి కాన్వాయ్, అంటే జపాన్‌లో ఆ పేరుతో పిలిచే మన హీరో ఆప్టిమస్ ప్రైమ్, భారీ బొమ్మ. దాని పక్కన అదే కొలతకి కార్లు చేయాలంటే అవీ భారీగానే ఉండాలి. 2011లో అదే ఆప్టిమస్‌ని ఎంపీ-10 పేరుతో మళ్లీ చేసి చిన్నది చేశాక, తర్వాత వచ్చిన కార్లని దాని కొలతకి సరిపోయేలా చేయడం కుదిరింది. నీ వాయేజర్ సైజు ట్రక్కుని, దానికంటే ఒక సైజు చిన్నదైన డీలక్స్ కారు పక్కన రోబోలుగా నిలబెట్టి ఒక ఫొటో, రెండూ బండ్లుగా మారాక ఇంకో ఫొటో. రోబోలుగా సరిపోయినవి బండ్లుగా సరిపోకపోవడం మామూలే. ట్రక్కు కారంతే ఉంటుంది, చూస్తే నవ్వొస్తుంది.

పెట్టె గురించి ఒక పేరా అక్కర్లేదు, దాచుకునేవాళ్ల కోసం ఒక వాక్యం చాలు. 2022 ప్రాంతంలో ప్లాస్టిక్ కిటికీ లేని పెట్టెలు వచ్చినప్పుడు మాత్రం అది రాయదగ్గ విషయమే అయింది, కొనేవాడికి మొహం మీద పెయింట్ ఎలా పడిందో చూసుకునే వీలు పోయింది. తర్వాత కిటికీలు మళ్లీ వచ్చాయి. రోబోతో వచ్చే తుపాకులు, కత్తుల గురించి కూడా అంతే, వాటి 5 మిల్లీమీటర్ల పెగ్, అంటే పిడిలాంటి పుల్ల, చేతిలో గట్టిగా కూర్చుంటుందా, బండి రూపంలో వాటిని పెట్టడానికి చోటుందా, అంతవరకే.

"అద్భుతం" అన్న మాట నీ రివ్యూలో అడుగడుగునా ఉంది. తల అద్భుతం, చక్రాలు అద్భుతం, పెయింట్ అద్భుతం. నిజంగా అద్భుతమైనది ఎదురైనప్పుడు ఏం వాడతావు? తీసెయ్. నీ డ్రాఫ్ట్‌లో నాకు బాగా నచ్చిన వాక్యం ఎక్కడో చివర్లో దాక్కుంది: "నడుము తిప్పగానే ఛాతీ దానంతటదే ముందుకొస్తుంది." ఒక కదలిక ఇంకో కదలికని లాగడం, లోపల గేరో, లివరో ఉండడం, అదీ ఈ బొమ్మ గొప్పతనం. దాన్ని పైకి తీసుకొచ్చి విప్పి చెప్పు. ఎంత తిప్పితే మొదలవుతుంది, మధ్యలో ఆగిపోతుందా, చప్పుడు వస్తుందా?

నీకు నచ్చనివి కూడా రాయి, కానీ అది డిజైన్ లోపమా, నీ దగ్గరకొచ్చిన ఒక్క పీస్ లోపమా అన్నది విడదీసి రాయి. రోబో వీపు మీద బండి ముక్కలు వేలాడుతుంటే, అంటే కలెక్టర్లు కిబుల్ అనేది ఉంటే, అది అందరి పీస్‌లోనూ ఉంటుంది. ఎడమ కన్నుకి పెయింట్ తప్పిందంటే అది నీ పీస్ వరకే కావచ్చు. రెండింటినీ ఒకే గాటన కట్టేస్తే చదివేవాడు మోసపోతాడు. కంపెనీ ఫొటోల విషయంలోనూ జాగ్రత్త. చాలాసార్లు అవి అమ్మకానికి రాకముందు చేసిన నమూనావి, కొన్నిసార్లు సరిగ్గా మార్చకుండానే తీసినవి. ఫొటోలో ఉన్నట్టు నడుము లేదని బొమ్మని తిట్టేముందు కాగితం చూడు.

బొమ్మ ఎవరైనా ఉచితంగా పంపితే ఆ మాట మొదటి పేరాలోనే చెప్పు, చివర్లో చిన్న అక్షరాల్లో కాదు. నకిలీ బొమ్మ మీద రాయాల్సి వస్తే అది నకిలీ అని టైటిల్‌లోనే పెట్టు. కొందరు తెలిసే కొంటారు, వాళ్ల ఇష్టం. తెలియక కొనేవాడి బాధ్యత మాత్రం రాసేవాడి మీద పడుతుంది. పదికి ఇన్ని మార్కులని వెయ్యడం నాకు ఇష్టం ఉండదు, అది నా చాదస్తమే అనుకో. వేస్తే వెయ్యి, ఎందుకు వేశావో మాత్రం పైన పేరాల్లో కనపడాలి.

తర్వాత జెట్ మీద రాస్తానన్నావు కదా. జెట్‌లతో ఒక చిక్కుంది: పైనుంచి చూస్తే పదునైన విమానం, కింద చూస్తే కాళ్లూ చేతులూ ముడుచుకుని బోర్లా పడుకున్న రోబో. కంపెనీ ఫొటోలు ఎక్కువగా పైనుంచే ఉంటాయి. నువ్వు మొదటి ఫొటో కిందనుంచి తియ్యి. చక్రాల మీద నిలబెట్టినప్పుడు ఆ చేతులు బల్లకి తగులుతున్నాయో లేదో చూడు, ముక్కు పైకి లేచిందంటే వెనక బరువెక్కువ అన్నమాట. ట్రక్కు రివ్యూ తిరగరాశాక రెండూ కలిపే పంపు, తీరిగ్గా చదువుతాను.

ఉంటాను,
నీ అన్నయ్య